సోమారం గోలీలు

జహీరాబాద్ బజార్ల ఎవరి తాళంచెవి ఎంత బరువుంటదో నన్నడుగున్రి, చెప్త. బట్టల దుకాణం సేటుది పెద్ద గుత్తి, అండ్ల ఒకటి వంకర పోయింది. బడి ఆఫీసుది తుప్పు పట్టింది, పట్టుకుంటే అరచెయ్యి ఎర్రగైతది. మా ఇంటి ధాన్యం అర్రది జానెడు పొడుగు. ఇవన్నీ నేను దొంగతనం చేసినయి కావు. నేను సోయిదప్పి పడ్డప్పుడల్లా జనం ఉరికొచ్చి నా గుప్పిట్ల పెట్టినయి.

నాకు మూర్ఛ ఉండె. ఉర్దూ మాట్లాడేటోళ్లు మిర్గి అనేటోళ్లు, బడి చదువు చదివినోళ్లు ఫిట్స్ అనేటోళ్లు. మా నాయినమ్మ మాత్రం ఏ పేరూ పెట్టకపోయేది. పేరు పెట్టి పిలిస్తే వస్తదని ఆమె భయం. అందుకని "అది" అనేది. "మొన్న అది వచ్చిపోయింది గద" అని పక్కింటోళ్లతోని చెప్తుంటే, ఎవరో సుట్టం వచ్చి చాయ్ తాగి పోయినట్లే ఉండేది.

మొదటిసారి అది వచ్చినప్పుడు నాకు పన్నెండేండ్లు. డెబ్బైలు సగం దాటినయి. మా చెల్కల అల్లం తవ్వుతున్నరు. కూలోళ్ల పక్కన కూసోని నేను గూడ అల్లం కొమ్ములకున్న మట్టి దులుపుతున్న. ఉన్నట్టుండి మాడిన బెల్లం వాసన వచ్చింది. "బెల్లం పొయ్యి ఎక్కడ పెట్టిన్రు?" అని అడిగిన. అడిగింది యాదికుంది, జవాబు యాదికి లేదు.

మళ్ల కండ్లు తెరిచేసరికి చెట్టు కింద పండుకోని ఉన్న. సుట్టు ఇరవై మొకాలు. ఒక చేతుల కొడవలి పిడి, ఇంకో చేతుల తాళంచెవి, ముక్కు కాడ చిదిమిన ఉల్లిగడ్డ, దాని పక్కకే ఎవరిదో చెప్పు. నాలిక తెగి నోరంత ఉప్పగుంది. ఒళ్లంత రోకలితోని దంచినట్లు నొప్పి. అయినా నాకు అన్నిటికంటే ముందుగాల వచ్చింది కోపం. "నా ముక్కు కాడ చెప్పు పెట్టింది ఎవరు?" అన్న. అందరు నవ్విన్రు. నాయినమ్మ మాత్రం కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది. ఆ చెప్పు నాదే అని ఇప్పటిదాంక ఒక్కరు ఒప్పుకోలే. దొరికితే ఇయ్యాల గూడ ఇడువ.

చేతుల ఇనుము పెడితే మూర్ఛ దిగుతదని మా దిక్కు నమ్మకం. దిగుతది, నిజమే. పెట్టకున్నా దిగుతది. అది రెండు మూడు నిమిషాలు కొట్టుకోని దానంతట అదే పోతది, పేరు మాత్రం తాళంచెవికి వస్తది. ఇంకోసారి బజార్ల బట్టల దుకాణం ముంగట పడ్డ. సేటు మంచి మనిషి, దుకాణం బంద్ చేసి అన్నానికి పోతున్నోడు, ఉరికొచ్చి తన గుత్తి తీసి నా గుప్పిట్ల పెట్టిండు. నన్ను రిక్షాల ఏసుకోని ఇంటికి తెచ్చిన్రు. "లేచేదాంక ఇనుము తియ్యొద్దు" అన్నది నాయినమ్మ. అది పోయినంక నాకు మొద్దునిద్ర పట్టేది. సేటు ఇల్లు వెతుక్కుంట వచ్చి, మా అరుగు మీద రెండు గంటలు కూసున్నడు. నాయినమ్మ మూడుసార్లు చాయ్ పోసింది గాని, గుత్తి ఇయ్యలే. నేను లేచి గుత్తి చేతికిస్తే ఆయన మొకం సూడాలె! దండం పెట్టిండు నాకు.

ఇప్పుడు మా నాయినమ్మ సంగతి చెప్పాలె. ఆమెకు మొక్కులంటే పానం. కాకపోతే మా ఇంట్ల ఒక పద్ధతి నడిచేది. మొక్కు నాయినమ్మది, ఉపాసం మాది. బర్రె కష్టం లేకుంట ఈనాలని ఆమె మొక్కుతది, ఐదు వారాలు మా బాపు బీడీ మానాలె. బోరుల నీళ్లు పడాలని ఆమె మొక్కుతది, మా అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండాలె. "నువ్వుండొచ్చు గద" అని ఎవరన్న అంటే, "నాకు పిత్తం లేస్తది" అనేది. పొద్దున లేవంగనే ఇత్తడి గిలాస నిండ చాయ్ పడకపోతే ఆమెకు మనుషులు కనపడకపోయేటోళ్లు. తిండి కాడ నాది గూడ అదే వరుస. అందరు నేను ఆమె పోలిక అనేటోళ్లు. మొకం సంగతి నాకు తెల్వదు గాని, కడుపు మాత్రం ఆమెదే.

నా సంగతి తెలిసిన నాడే నాయినమ్మ ఝరాసంగం గుళ్లె ఉన్న శివుని సామికి మొక్కింది. "ఈ పొల్లకు రెండు నెలలు అది రాకుంట ఉంటే, సోమారం సోమారం ఒక్కపొద్దు ఉంటది" అని. ఉంటది అంటే నేను. నన్ను అడిగిందా? అడగలే. దేవునికి నన్ను మాటిచ్చేసింది.

మొక్కి ఊకోలే, తాయెత్తు కట్టిచ్చింది, దిష్టి తీసింది. అది మాత్రం నెలకో రెండు నెలలకో వచ్చుడు మానలే. నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా బాపుకు ఓపిక అయిపోయింది. "అన్ని చేసినం, జర దవాఖాన గూడ సూద్దాం" అని నన్ను సర్కారు దవాఖానకు తీస్కపోయిండు. నాయినమ్మ గూడ ఎంట వచ్చింది. డాక్టరు సూసి చిన్న చిన్న తెల్ల గోలీలు రాసిండు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. గోలీలు పొట్లం కట్టిచ్చిన కంపౌండరు నాయినమ్మకు గట్టిగ చెప్పిండు. "అన్నం తిన్నంకనే ఎయ్యాలె అవ్వా. ఉత్త కడుపు మీద ఎయ్యొద్దు." నాయినమ్మకు చదువు రాదు గాని, చెప్పిన మాట మర్చిపోదు. గోలీలు తన వక్కల డబ్బల పోసి, వక్కలను పాత గుడ్డల మూట కట్టుకున్నది. మా ఇంట్ల వక్కల డబ్బ కంటే పెద్ద పదవి లేదు.

గోలీలు మొదలుపెట్టినంక అది రాలే. నెల గడిచింది, రాలే. రెండు నెలలు గడిచినయి, రాలే. ఇల్లంత సంబురం. బాపు "గోలీలు పని చేసినయి" అన్నడు. నాయినమ్మ "సామి పని చేసిండు" అన్నది. ఇద్దరు నాలుగు రోజులు కొట్లాడుకున్నరు. కొట్లాటల గెలిచింది ఎవరో చెప్పాల్నా? సోమారం నాకు ఒక్కపొద్దు మొదలైంది.

ఒక్కపొద్దు అంటే పొద్దున కెంచి దీపం పెట్టేదాంక నీళ్లు తప్ప ఏం లేదు. దీపం పెట్టినంక పాలు, అరటిపండు. అన్నం, రొట్టె మర్నాడే. మరి గోలి? కంపౌండరు ఏమన్నడు, అన్నం తిన్నంకనే అన్నడు. సోమారం అన్నం లేదు. అన్నం లేదు కాబట్టి గోలి లేదు. నాయినమ్మ దేవుని మాట దాటలే, దవాఖాన మాట దాటలే. రెండూ పొల్లు పోకుంట చేసింది. ఆమె మీద కోపం ఎట్ల తెచ్చుకోవాలె చెప్పున్రి?

మూడో వారం అది మళ్ల వచ్చింది. మంగళారం నాడు, బాయి కాడ. నాయినమ్మ కూలబడ్డది. "ఎక్కడో లోపం జరిగింది" అన్నది. ఒకామె వచ్చి, "మంగళారం వచ్చిందంటే అమ్మవారికి గూడ చెయ్యాలె గద" అన్నది. ఆమె నోట్ల మన్ను పొయ్య! మంగళారం గూడ ఒక్కపొద్దు పెట్టిన్రు. వారానికి రెండు రోజులు పస్తు. అంతటితో ఆగలే. ఇనుము ఒంటి మీదనే ఉంటే మంచిదని ధాన్యం అర్ర తాళంచెవి నల్లదారంతోని నా నడుముకు కట్టింది.

ఆ ధాన్యం అర్రల ఏముంటయి? జొన్నలు, కందులు, మూలకు నిలువ చేసిన బెల్లం గడ్డలు.

పస్తున్న తిండిపోతు నడుముకు బెల్లం అర్ర తాళంచెవి! నేను మనిషిని కానా? మొదటి మంగళారం ఓర్చుకున్న. తర్వాతి సోమారం పగటిపూట అందరు చెల్కకు పోయినంక, తాళం తీసి చిన్న బెల్లం పెచ్చు నోట్ల ఏసుకున్న. ఆ రుచి ఇప్పటికీ నాలిక మీద ఉన్నది. రెండో పెచ్చు జర పెద్దది. బుధారం నాడు అది వచ్చింది. పడే ముందు మాడిన బెల్లం వాసన.

అప్పుడు నాకు భయం పట్టుకున్నది. వాసన గూడ బెల్లందే ఎందుకు? సామి నన్ను సూసిండని, నేను తిన్న బెల్లాన్నే నాకు సూపెట్టి కొడుతున్నడని అనుకున్న. ఎవరికి చెప్పాలె? చెప్తే నాయినమ్మ పానం పోతది. ఇంక తినొద్దని ఒట్టు పెట్టుకున్న. సోమారం వస్తది, కడుపు నకనకలాడుతది, నడుముకు తాళంచెవి తగులుతది. మళ్ల తినేదాన్ని, మళ్ల ఏడ్చేదాన్ని. నాయినమ్మ మొక్కు నేనే చెడగొడుతున్నట్లు, నా మూర్ఛ నేనే తెచ్చుకుంటున్నట్లు కుమిలిపోయిన. పద్నాలుగేండ్ల పిల్లకు అంత బరువు వద్దు. ఇప్పుడు తల్సుకున్నా ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపిస్తది.

పదో తరగతికి వచ్చిన. బడిల నా బెంచి మీద నేనొక్కదాన్నే కూసునేదాన్ని. అంటుకుంటదని పక్కన ఎవరూ కూసోకపోయేటోళ్లు. మొదట్ల ఏడ్చిన, తర్వాత కాళ్లు సాపుకోని కూసున్న. అంత జాగ పెద్దసారుకు గూడ లేకుండె. పరీక్షలు రెండు నెలలున్నయనంగ, ఒక బుధారం లెక్కల క్లాసుల అది వచ్చింది. బెంచి దొర్లింది, నల్లబల్ల కింద పడ్డది, ఆడపిల్లలు కిటికీలు ఎక్కిన్రు. నేను లేచేసరికి గుప్పిట్ల ఆఫీసు తాళంచెవి.

పెద్దసారు బాపును పిలిపిచ్చిండు. ఆయన చెడ్డోడు కాదు, భయస్తుడు. "పటేలా, మీ బిడ్డ తెలివిగల్లదే. కాని పరీక్ష హాల్ల ఇట్లయితే మిగిలిన పిల్లలు ఏం రాస్తరు? రేపు ఏమన్న అయితే నన్నే అడుగుతరు. మూర్ఛ కట్టుల ఉందని డాక్టరు కాగితం తెండి, కూసోబెడ్త. లేకుంటే ఇంట్లనే ఉంచుకోండి" అన్నడు.

నాకు పది రాయాలె. మా ఇంట్ల అప్పటిదాంక ఆడపిల్ల ఎవరూ పది రాయలే. నాకు పంతులమ్మను కావాలె, కుర్చీల కూసోని పిల్లల మీద కోపం చెయ్యాలె అని మస్తు ఆశ ఉండె. కోపం ఎట్లాగూ ఉన్నది, కుర్చీ ఒక్కటే తక్కువ. పది లేకుంటే అల్లం మట్టి దులుపుకుంట కూసోవాలె. ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినలే. నేను అన్నం తినలేదంటే మా ఇంటోళ్లు దవాఖానకు పోయే సంగతి ఎంత తొందరగ ఒప్పుకున్నరో!

దవాఖానల పాత డాక్టరు బదిలీ అయి కొత్తగ ఒక డాక్టరమ్మ వచ్చింది. కోస్తా దిక్కు మనిషి. సన్నగ ఉండేది, నవ్వకుంట నవ్విచ్చేది. మేము ముగ్గురం పోయినం. గోలీలు నెలనెల బాపే తెచ్చేటోడు, గాని నన్ను మళ్ల ఎవరూ సూడలే. డాక్టరమ్మ చీటీ సూసి, "గోలీలు రోజూ వేస్తున్నారా?" అని అడిగింది.

నాయినమ్మ ఛాతి విరిచి కూసున్నది. "తప్పకుంట ఏస్తున్న డాక్టరమ్మా. మీరు చెప్పినట్లే ఏస్తున్న. దండుగ గూడ చేస్తలేను" అని వక్కల డబ్బ మూత తీసి, బల్ల మీద బోర్లిచ్చింది. తెల్ల గోలీలు గుట్టగ పడ్డయి. రెండు దొర్లి కింద పడితే నేనే ఏరిన. "ఇగో, ఇవన్నీ మిగిలినయి. సర్కారు సొమ్ము మాకెందుకమ్మా, వాపస్ తీస్కొండి. పేదోళ్లకు ఇయ్యిండ్రి."

డాక్టరమ్మ గోలీల దిక్కు సూసింది, నాయినమ్మ దిక్కు సూసింది. "ఇవి మిగలకూడదు కదా పెద్దమ్మా?" అన్నది.

"సోమారం, మంగళారం ఒక్కపొద్దు గద" అన్నది నాయినమ్మ. "అన్నం తినకుంట గోలి ఎయ్యొద్దని మీ కంపౌండరే చెప్పిండు. అన్నం లేదు, గోలి లేదు. మాట తప్పలే."

"ఒక్కపొద్దు ఎప్పటి నుంచి ఉంటోంది?"

"అది రెండు నెలలు రాకపోతే ఉంటదని మొక్కిన. రాలే. ఉన్నది."

"మళ్ళీ ఎప్పుడు వచ్చింది?"

"ఒక్కపొద్దు మొదలుపెట్టిన మూడో వారం" అన్నది నాయినమ్మ. ఆ మాట నోట్లకెంచి వచ్చినంక ఆమె చెయ్యి గోలీల మీదనే ఆగిపోయింది. "మంగళారం. తర్వాత బుధారం. మళ్ల బుధారం." బాపు లేచి కిటికీ కాడికి పోయిండు.

నాకు ఇంక ఓర్చుకునుడు కాలే. "నాయినమ్మా, నీ తప్పు కాదు, నేను బెల్లం తిన్న!" అని ఒక్కటే ఏడుపు. "ప్రతి సోమారం తిన్న. అర్ర తాళం తీసి తిన్న. అందుకే అది వస్తున్నది. వచ్చే ముందు బెల్లం వాసన గూడ వస్తది!" ముక్కు, కండ్లు ఏకమైనయి.

డాక్టరమ్మ చూపు నా నడుముకు ఏలాడుతున్న జానెడు తాళంచెవి మీద పడ్డది. మొదటిసారి నవ్వింది. "బెల్లంతో పాటు గోలీ కూడా దొంగతనంగా మింగి ఉంటే, నీకు ఫిట్స్ వచ్చేవి కావు పిల్లా" అన్నది.

నేను ఏడుపు ఆపి నోరు తెరిచిన.

ఆమె పైన ఏలాడుతున్న కరెంటు బుగ్గ సూపెట్టింది. "మీ ఊళ్ళో కరెంటు ఒక్కోసారి ఎక్కువై, బల్బు భగ్గుమని వెలిగి ఫీజు పోతుందా లేదా?" పోతది. మా ఇంట్ల వారానికోసారి పోయేది. "మెదడు కూడా సన్న కరెంటుతోనే నడుస్తుంది. ఒక్కోసారి అది ఒక్కసారిగా ఎక్కువైపోతే, ఒళ్ళు మన మాట వినదు. అదే ఫిట్స్. దయ్యమూ కాదు, శాపమూ కాదు, అంటుకునేది అసలే కాదు. ఒకరికి తలకు దెబ్బ తగిలి వస్తుంది, ఒకరికి మెదడు జ్వరం వచ్చిపోయాక వస్తుంది, ఒకరికి లోపల గడ్డ ఉండి వస్తుంది. చాలామందికి ఎందుకు వచ్చిందో మాకు కూడా తెలీదు. నీకు ఆ బెల్లం వాసన కూడా ఆ కరెంటు చేసే పనే. దేవుడికీ, నీ బెల్లానికీ సంబంధం లేదు."

ఇంక నాయినమ్మ దిక్కు తిరిగింది. "గోలీ ఆ కరెంటును కట్టులో పెడుతుంది. వారంలో రెండు రోజులు మానితే కట్టు తెగుతుంది. పస్తు, నిద్ర లేకపోవడం కూడా తోడైతే ఇంకా తొందరగా వస్తుంది. అన్నం లేకపోయినా సరే, ఆకాశం విరిగి మీద పడ్డా సరే, గోలీ మానకూడదు." అట్లనే పడ్డప్పుడు ఏం చెయ్యాల్నో గూడ చెప్పింది. పక్కకు ఒత్తిగిలపెట్టాలె, తల కింద మెత్తటిది ఏదన్న పెట్టాలె, నోట్ల ఏం కుక్కొద్దు, కాళ్లు చేతులు అదిమి పట్టొద్దు, గడియారం సూసుకుంట పక్కన కూసోవాలె. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే దవాఖానకు ఉరకాలె.

"మరి తాళంచెవి?" అని అడిగింది నాయినమ్మ, సన్నగ.

"తలుపులకు" అన్నది డాక్టరమ్మ.

కాగితం మాత్రం అప్పుడే ఇయ్యలే. పరీక్షలకు ముందు రమ్మన్నది, అప్పటిదాంక గోలి ఒక్కటి గూడ మిగలొద్దన్నది, అది రాకుంట ఉంటే రాస్తనన్నది.

రిక్షాల ఇంటికొచ్చినం. ఇంటి కాడ దిగినంక నాయినమ్మ నా చెయ్యి పట్టుకోని, "నేనే తెచ్చిన్నా బిడ్డా నీకు?" అన్నది. లేదు అన్న. ఆమె నమ్మలే. నడుముకున్న నల్లదారం తెంపి తాళంచెవి తీసుకున్నది. నిజం చెప్పాలంటే అప్పుడు జర బాధైంది.

కాని అసలు కష్టం ముందున్నది. మళ్ల సోమారం వస్తది. మొక్కు నా పేరు మీద ఉన్నది. మొక్కు తప్పితే సామికి కోపమొస్తదని నాయినమ్మకు పానాలు పోయేంత భయం. గోలి తప్పితే పొల్లకు అది వస్తది. రెండిట్ల దేన్ని వదలాలె? "పాలు తాగి గోలి మింగితే కాదా?" అన్నది అమ్మ. "ఒక్కపొద్దు అంటే పస్తే, డాక్టరమ్మ పస్తే వద్దన్నది" అన్నడు బాపు. ఆదివారం మాపటికి నాయినమ్మ దేవుని గూటి ముంగట నిలబడ్డది. ఆమె దేవునితోని మనసుల మాట్లాడే రకం కాదు, వాకిట్లకు ఇనపడేటట్లు మాట్లాడుతది.

"సామీ, ఇనుకో. మొక్కింది నేను. పొల్లను అడగకుంట మొక్కిన, అది నా బుద్ధి తక్కువ. నోరు నాది, కాబట్టి కడుపు గూడ నాదే. రేపటి సంది ఒక్కపొద్దు నేనుంట. పొల్ల తింటది, గోలి మింగుతది. నీకు కోపమొస్తే నా దిక్కు సూడు, దాని దిక్కు సూడకు."

మేమందరం ఒకరి మొకం ఒకరం సూసుకున్నం. మా నాయినమ్మ, ఒక్కపొద్దు!

తెల్లారి సోమారం పొద్దున నా ముంగట జొన్నరొట్టె, బెండకాయ కూర పెట్టి, వక్కల డబ్బల కెంచి గోలి తీసిచ్చింది. తాను చాయ్ ముట్టలే. పది గంటలకల్లా బర్రెను తిట్టింది, రిక్షావాన్ని తిట్టింది, పొగ వస్తున్నదని పొయ్యిని గూడ తిట్టింది. "పిత్తం లేస్తలేదా నాయినమ్మా?" అని నేను అడిగిన. "నోర్మూసుకోని ఇంకో రొట్టె తిను" అన్నది. ఏం చెయ్యాలె, తిన్న. మంగళారం గూడ అంతే. ఆ రెండు నెలలు సోమారం, మంగళారం మా ఇంటి ముంగటకెంచి పోయేటోళ్లు జర దూరం జరిగి పోయేటోళ్లు.

అది రాలే. ఎనిమిది వారాలు రాలే. ఖాళీ వక్కల డబ్బ తీస్కపోయి సూపెడితే, డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది.

తెలుగు పరీక్ష సోమారమే పడ్డది. నాయినమ్మ బడిదాంక వచ్చి గేటు బయట రాయి మీద కూసున్నది, చాయ్ లేకుంట, వక్క లేకుంట. పెద్దసారు నన్ను తలుపు పక్కన కూసోబెట్టిండు. ఆయన జేబుల తాళంచెవి నాకు కనపడుతనే ఉన్నది. రెండు ప్రశ్నలు రాసిన. మూడోది మొదలుపెడుతుంటే వాసన వచ్చింది. మాడిన బెల్లం వాసన.

కలం జారింది. ఒక్కటే ఆలోచన, అయిపోయింది, పెద్దసారు కాగితం సింపుతడు, గేటు బయట ముసలామె ఉత్త కడుపుతోని కూసున్నది, ఆమెకేం చెప్పాలె? కాపలాకున్న సారు నా పక్కకెంచి పోతుంటే సచ్చిన ధైర్యమంత తెచ్చుకోని లేచి, "సార్, మీకు బెల్లం మాడిన వాసన వస్తున్నదా?" అని అడిగిన.

సారు ముక్కు ఎగబీల్చిండు. నేను ఆయన ముక్కునే సూస్తున్న. ఆ ముక్కంత అందమైన ముక్కు నేను మళ్ల సూడలే. "ఆ పక్క మిఠాయి దుకాణపోడు పాకం మాడగొట్టినట్లున్నడు. నీకెందుకమ్మా, కూసోని రాయి" అన్నడు.

కూసోని రాసిన. నవ్వుకుంట రాసిన. బయటకొచ్చినంక నాయినమ్మ, "ఎట్ల రాసినవ్?" అని అడగలే. నా కండ్లు సూసింది, నాలిక సాపమని సూసింది, అప్పుడు నీళ్లు తాగింది.

పది పాసైన. పంతులమ్మ ట్రైనింగు గూడ చేసి, ఎనభైలల్ల మొగుడంపల్లి దిక్కు ఒక బడిల కుర్చీల కూసున్న. అక్కడ మొదటి పాఠం అఆలు కాదు. ఎవరన్న మూర్ఛతోని పడితే ఏం చెయ్యాల్నో చెప్పి, చెప్పు తెచ్చినోని వీపు పగులగొడ్త అన్న. నాకు మాత్రం అది మళ్ల రాలే. నాలుగేండ్లు దాటినంక డాక్టరమ్మ గోలీలు మెల్లమెల్లగ తగ్గిచ్చుకుంట వచ్చి, ఒక శనివారం నాడు "ఇక చాలు, ఆపెయ్" అన్నది. తర్వాత మూడేండ్లు గూడ ఏడాదికొకసారి సూపిచ్చుకోమని చెప్పింది. అందరికీ ఆపుడు కాదంట, నా అదృష్టం.

ఆ వచ్చిన సోమారం నేను తెల్లారకముందే లేచి, నాయినమ్మ ఇత్తడి గిలాస నిండ చాయ్ పోసి, అల్లం దంచి ఏసి, ఆమె మంచం కాడికి తీస్కపోయిన. అప్పటికి ఆమెకు ఎనభై దాటినయి. నాలుగేండ్లకు పైన సోమారాలు, మంగళారాలు ఒక్కటి తప్పలే. జరమొచ్చినా తప్పలే. బక్కగైంది.

"తాగు నాయినమ్మా, అయిపోయింది. నా గోలీలు ఆపమన్నరు. ఇంక నువ్వు గూడ ఆపు" అన్న.

గిలాస చేతుల పట్టుకున్నది. కండ్లు మూసుకోని వాసన సూసింది, చాలాసేపు. తాగుతదనే అనుకున్న. గిలాస మళ్ల నా చేతుల పెట్టి, నా గుప్పిట మూసింది.

"డాక్టరమ్మ నీ గోలి ఆపమన్నది" అన్నది. "నాది ఆపమన్నదా?"

ఆ చాయ్ నేనే తాగిన, ఆమె పక్కన కూసోని.